లీవర్ గోడకు ఆనేదాకా

'బాల్స్ టు ద వాల్' అనే ఇంగ్లీషు మాట బూతేనా అని ఓ ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు. ఒళ్లు దాచుకోకుండా, సర్వశక్తులూ ఒడ్డి పనిచేయడాన్ని అమెరికన్లు అలా అంటారు. వినడానికి ఎలా ఉన్నా, అది కాక్‌పిట్‌లో పుట్టిన మాట. ఇంజన్ జోరును పెంచి తగ్గించే థ్రాటిల్ లీవర్ కొసన బంతిలాంటి పిడి ఉండేది. ఇంజన్‌కూ పైలట్‌కూ మధ్య మంటల్ని ఆపే అడ్డుగోడ, అదే ఫైర్‌వాల్. పిడిని గోడవైపు పూర్తిగా తోస్తే ఫుల్ థ్రాటిల్. 1960ల్లో, వియత్నాం యుద్ధకాలపు అమెరికా వైమానికుల మాటగా అచ్చులోకెక్కింది. అప్పటికే జెట్‌లు వచ్చేశాయి, వాటిలో ఇంజన్ పైలట్‌కు వెనక ఉంటుంది. కాబట్టి ముందున్న ఆ గోడ పాత పిస్టన్ విమానాలదేనని నా నమ్మకం.

నాకు అంతకన్నా ఇష్టమైన సంగతి వేరే ఉంది. ఆ పిస్టన్ విమానాల్లో లీవర్‌కు అడ్డంగా ఒక సన్నటి తీగ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా ఫైటర్ పీ-51డీ ముస్టాంగ్‌లో టేకాఫ్‌కు ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనం 61 అంగుళాల పాదరసం. ప్రాణం మీదికొస్తే పైలట్ తీగ తెంపి 67కు తోసేవాడు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం దాదాపు 30 అని గుర్తుంచుకోండి. ఆ జోరు 5 నిమిషాలే. కిందికి దిగాక తెగిన తీగ చూసి మెకానిక్‌లు ఇంజన్‌ను పరీక్షించేవారు.

అసలు అంతకన్నా ఎక్కువ ఎందుకు తోయకూడదు? గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సిలిండర్‌లో స్పార్క్ అంటించిన మంట ఒక కొస నుంచి వ్యాపిస్తుండగా, అవతలి కొసన మిగిలిన మిశ్రమం నలిగి, వేడెక్కి, మంట చేరకముందే తనంతట తానే భగ్గుమంటుంది. దీన్ని డిటొనేషన్ అంటారు. ఆ పీడన తరంగాలు లోహాన్ని కాపాడే పల్చటి గాలిపొరను చెదరగొడతాయి. పిస్టన్‌కు చిల్లు పడొచ్చు.

దీన్ని ఆపడానికి మొదట్లో అదనంగా పెట్రోల్ పోసేవారు. ఆ పెట్రోల్ పూర్తిగా కాలదు, ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. శుద్ధ దుబారా! ఆ పని నీళ్లు ఎంతో బాగా చేస్తాయి. గ్రాము పెట్రోల్ ఆవిరవడానికి సుమారు 350 జౌళ్లు చాలు, గ్రాము నీటికి 2,260 కావాలి. కుండలో నీళ్లు చల్లబడేదీ ఈ లెక్కతోనే. మన ఇంటర్ పాఠాల్లో గుప్తోష్ణం, అంటే కరగడానికో ఆవిరవడానికో పీల్చుకునే ఈ వేడి, అనగానే గ్లాసులో మంచుముక్క లెక్కలే. ఈ ఇంజన్‌ను చూపించి చెబితే ఏ పిల్లాడు మరిచిపోతాడు?

ఆ కాలపు మరో అమెరికా ఫైటర్ పీ-47 థండర్‌బోల్ట్‌లోని 18 సిలిండర్ల, 46 లీటర్ల ఇంజన్ మామూలుగా 2,000 హార్స్‌పవర్ ఇచ్చేది. నీళ్లు చిమ్మితే 2,300. నీళ్లు మండవు, శక్తినివ్వవు. అవి వేడిని మింగడం వల్ల రెండు లాభాలు: దండగ పెట్రోల్ తగ్గించి మిశ్రమాన్ని సరైన పాళ్లకు తేవచ్చు, గాలిని ఇంకా నొక్కి పంపవచ్చు. ఎత్తుల్లో గడ్డకట్టకుండా ఆ నీళ్లలో ఆల్కహాల్ కలిపేవారు. జర్మన్లదీ అదే దారి, వాళ్లు చిమ్మిన ఎండబ్ల్యూ-50 అనే మిశ్రమంలో సుమారు సగం మిథనాల్, సగం నీళ్లు.

తొలితరం జెట్‌లూ ఈ చిట్కాను వదల్లేదు. బరువెక్కిన బీ-52 బాంబర్లు టేకాఫ్‌లో ఇంజన్లలోకి నీళ్లు చిమ్ముకుని, వెనక నల్లటి పొగ వదులుతూ లేచేవి. 2016లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కారు డిక్కీలోనూ ఇదే పనికి 5 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టారు.