క్లూస్ టీమ్ పౌడర్ జల్లిన తర్వాత

పేపర్లో దొంగతనం వార్త చదివితే చివర్లో ఒక వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది: క్లూస్ టీమ్, డాగ్ స్క్వాడ్ రంగంలోకి దిగి ఆధారాలు సేకరించాయి. కొన్నాళ్లాగి ‘వేలిముద్రలు సరిపోయాయి, పాత నేరస్థుడే’ అని ఇంకో వార్త వస్తుంది, దాంతో ఆ కేసు మన బుర్రలో క్లోజ్. ఈ రెండు వార్తల మధ్య ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాయరు. అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

ముందు వేలి సంగతి చూద్దాం. మన పెద్దవాళ్లు పిల్లల వేళ్లు పట్టుకుని శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టి జాతకం చెప్పేవాళ్లు కదా, పోలీసులు చూసే ఆకారాలూ ఇంచుమించు అవే. శంఖాల్లాంటివి 60 శాతం పైనే, చక్రాలు 30 శాతం పైచిలుకు, విల్లులా వంగి వెళ్లిపోయేవి 5 శాతం దాకా ఉంటాయి. ఈ గీతలు తల్లి కడుపులో పదో వారం ప్రాంతంలో మొదలై ఐదో నెల వచ్చేసరికి స్థిరపడిపోతాయి. వేలి కొనలో మెత్తగా ఉండే చోటి నుంచి, గోరు వైపు నుంచి, కణుపు మడత నుంచి గీతలు అలలుగా పాకుతూ వస్తాయి, అవి ఎక్కడెక్కడ ఎదురుపడ్డాయన్నదాన్ని బట్టి శంఖమో చక్రమో తేలుతుందని 2023లో ఎడిన్‌బరో యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. మెత్త ఎంత ఉబ్బింది, గీతలు ఎప్పుడు మొదలయ్యాయి అన్న చిన్న చిన్న తేడాలకే ఫలితం మారిపోతుంది కాబట్టి, ఒకే డీఎన్ఏ ఉన్న కవలల వేలిముద్రలు కూడా ఒకటి కావు. నిపుణులకు కావలసింది శంఖమా చక్రమా అన్నది కాదు, ఏ గీత ఎక్కడ తెగిపోయింది, ఏది ఎక్కడ రెండుగా చీలింది అన్నది.

దీన్ని పోలీసు పనికి తొలిరోజుల్లోనే పద్ధతిగా వాడిన దేశాల్లో మనదీ ఒకటి. 1897లో కలకత్తాలో పెట్టిన వేలిముద్రల బ్యూరో ప్రపంచంలోనే మొదటిదంటారు. కంప్యూటర్ లేని రోజుల్లో వేల కాగితాల్లోంచి ఒక ముద్రను వెతకడమెలా? పది వేళ్లలో ఒక్కో వేలికి చక్రం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, రెండుని పదిసార్లు హెచ్చిస్తే 1024 గళ్లు వస్తాయి, ఏ కాగితం ఏ గడిలోకి వెళ్లాలో తేలిపోతుంది. ఈ లెక్క కట్టింది అజీజుల్ హక్ అనే సబ్ ఇన్‌స్పెక్టర్, పక్కన హేమచంద్ర బోస్. పద్ధతికి మాత్రం పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పడింది. వీళ్లకు తర్వాత ఖాన్ బహదూర్, రాయ్ బహదూర్ బిరుదులు ఇచ్చారు లెండి, కానీ ప్రపంచమంతా ఇప్పటికీ హెన్రీ పద్ధతి అనే అంటుంది.

ఆ బ్యూరోకి వచ్చిన తొలి పెద్ద కేసు బెంగాల్‌లోని జల్‌పాయ్‌గుడిలో ఒక టీ తోట మేనేజర్ హత్య. మంచం మీదే గొంతు కోసేశారు, డబ్బు పోయింది. అనుమానితులు బోలెడు మంది, ఆధారం మాత్రం ఒక్కటే: పెట్టెలో కాగితాల మధ్య లేత నీలం అట్ట ఉన్న బెంగాలీ పంచాంగం, దాని మీద గోధుమ రంగులో రెండు చిన్న మరకలు. భూతద్దం పెట్టి చూస్తే ఒక మరకలో వేలి గీతలు కనిపించాయి. బ్యూరోలో వెతికితే అది కంగాళీ చరణ్ అనే పాత నౌకరు కుడి బొటనవేలు, ఇదే మేనేజరు ఇంట్లో దొంగతనం చేసి అంతకుముందే జైలుకెళ్లొచ్చినవాడు. ఇక ఉరే అనుకుంటాం కదా? 1898లో కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసి, హత్యానేరం మాత్రం కొట్టేసింది. ఆ ముద్ర అతను పంచాంగాన్ని ముట్టుకున్నాడని చెబుతుంది, గొంతు కోశాడని చెప్పదు. వేలిముద్రల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన తీర్పు ఇదే. వందేళ్లు దాటినా ఆ జాగ్రత్త అందరికీ అలవడలేదు.

స్టేషన్‌లో సిరా పూసి పది వేళ్లూ దొర్లించి తీసే ముద్ర వేరు, దొంగ హడావిడిలో వదిలిపోయేది వేరు. రెండోది చాలాసార్లు సగమే ఉంటుంది, అలికిపోయి ఉంటుంది, దాని మీద ఇంకొకరి ముద్ర పడి ఉంటుంది. వేలు తాకిన చోట మిగిలేది చాలావరకు చెమట. అందులో నీళ్లు ఆరిపోయాక మిగిలేది కాస్త ఉప్పు, అమైనో ఆమ్లాలు, ముఖమో జుట్టో తడుముకున్నప్పుడు అంటిన జిడ్డు. బీరువా తలుపు మీదైతే బ్రష్‌తో పౌడర్ అద్దితే జిడ్డున్న చోట పట్టుకుంటుంది, టేపుతో లేపి కార్డు మీద అతికిస్తారు. కాగితానికి నిన్‌హైడ్రిన్ అనే రసాయనం పూస్తే అమైనో ఆమ్లాలున్న గీతల వెంట ఊదా రంగు తేలుతుంది. ప్లాస్టిక్ సంచిని మూసిన పెట్టెలో పెట్టి సూపర్ గ్లూ ఆవిరి పట్టిస్తే గీతల మీద తెల్లగా గడ్డకడుతుంది. ఇన్ని చేసినా, ఆ ముద్ర నిన్నటిదా పోయిన నెలదా అని నమ్మకంగా చెప్పే దారి ఇప్పటికీ లేదు. అంటే ఇంట్లో పనిచేసే మనిషి ముద్ర ఆ ఇంటి బీరువా మీద దొరికితే దాని విలువ ఎంతో మీరే ఆలోచించండి.

ఇప్పుడు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కి వెళ్దాం. 2004 మార్చి 11న అక్కడ లోకల్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. డిటోనేటర్లున్న ఒక నీలం ప్లాస్టిక్ సంచి దొరికింది, దాని మీద ఒక ముద్ర. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దాన్ని తన కంప్యూటర్లో వేస్తే దగ్గరగా ఉన్న 20 మంది జాబితా వచ్చింది, అందులో నాలుగోవాడు ఒరెగాన్ రాష్ట్రంలోని లాయరు బ్రాండన్ మేఫీల్డ్. ఒకప్పుడు సైన్యంలో చేశాడు కాబట్టి ముద్రలు ఫైల్లో ఉన్నాయి. ముగ్గురు ఎఫ్‌బీఐ నిపుణులు అతనిదేనన్నారు, అరెస్టయ్యాక కోర్టు పెట్టిన స్వతంత్ర నిపుణుడూ అదే అన్నాడు. స్పెయిన్ పోలీసులు ఏప్రిల్‌లోనే ‘మాకు సరిపోవడం లేదు’ అని రాసినా వినలేదు. మేఫీల్డ్ ఇస్లాం తీసుకున్నవాడు, అంతకుముందు ఒక ఉగ్రవాద కేసు నిందితుడి తరఫున పిల్లల కస్టడీ వ్యవహారంలో వాదించినవాడు, ఈ సంగతులు తెలిశాక ఎఫ్‌బీఐ అనుమానం ఇంకా గట్టిపడింది. మే నెలలో రెండు వారాలు లోపల పెట్టారు. చివరికి స్పెయిన్ వాళ్లు ఆ ముద్ర అల్జీరియాకు చెందిన ఉహ్నానే దావూద్‌దని తేల్చారు. అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి 20 లక్షల డాలర్లు కట్టింది.

ఇద్దరి ముద్రలు ఒకటే అయ్యాయా? కాలేదు. కోట్ల ముద్రల్లో వెతికితే అసలువాడు అందులో లేకపోయినా అతనికి బాగా దగ్గరగా ఉండేవాడు ఎవడో ఒకడు దొరుకుతాడు, మసక ముద్ర అయితే మరీను. డేటాబేస్ ఎంత పెద్దదైతే ఈ ప్రమాదం అంత ఎక్కువ. పైగా కంప్యూటర్ ఇచ్చేది జాబితా మాత్రమే, ‘ఇతనే’ అని తేల్చేది మనిషి. 2006లో ఇటియెల్ డ్రోర్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం ఒక గడుసు పరీక్ష పెట్టింది. ఐదుగురు అనుభవజ్ఞులకు, కొన్నేళ్ల క్రితం వాళ్లే ‘ఒకరివే’ అని తేల్చిన ముద్రల జతనే ఇచ్చి, ఇవి మేఫీల్డ్ కేసులో ఎఫ్‌బీఐ పొరపాటు పడ్డ ముద్రలు అని చెప్పారు. ఐదుగురిలో నలుగురు మాట మార్చేశారు. గీతలు మారలేదు, చెవిలో పడ్డ మాట మారిందంతే.

అలాగని ఇదంతా బూటకం అనడం కూడా తప్పే. 2011లో అమెరికాలో 169 మంది నిపుణులతో చేసిన పరీక్షలో వేరే మనిషి ముద్రను ‘ఇతనిదే’ అన్న తప్పు 0.1 శాతమే, అసలు మనిషి ముద్రను ‘కాదు’ అన్న తప్పు 7.5 శాతం. అంటే అమాయకుడు ఇరుక్కోవడం కంటే దొంగ తప్పించుకోవడమే ఎక్కువన్నమాట. అయితే అది పరీక్ష. పైఅధికారి ఒత్తిడి, టీవీల గోల, నిందితుడి మతం, పాత కేసులు అక్కడ ఉండవు.

మన దగ్గర 2017లోనే తెలంగాణ పోలీసులు వేలిముద్రలు వెతికే పాపిలాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నారు, 2022లో దేశమంతటికీ కలిపి నాఫిస్ అనే వేలిముద్రల డేటాబేస్ వచ్చింది, అందులో కోటికి పైగా మనుషుల ముద్రలున్నాయి. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి, దీన్ని పూర్తిగా అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. మంచిదే. ముద్రలు ఇంకా బోలెడు వస్తాయి, వాటిని సరిచూసే కళ్లు కూడా అన్ని కావాలి. నా వరకైతే ఒక్కటి చాలా అవసరమనిపిస్తుంది: మొదటి నిపుణుడు ఏమన్నాడో, నిందితుడెవరో, ఒప్పుకున్నాడో లేదో ఏమీ తెలియకుండా రెండో నిపుణుడు ఆ ముద్ర చూడాలి. దీనికి కొత్త మెషిన్ అక్కర్లేదు, కవర్ మీద పేరు రాయకుండా పంపితే చాలు.