గొడుగు తిరగాలంటే గొట్టం నిలబడాలి

ఒకే ఉపగ్రహానికి డిష్ బిగించడంలో పెద్ద లెక్కలేమీ ఉండవు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు మేడ ఎక్కి, గొడుగును అటూ ఇటూ నాలుగుసార్లు కదిపి, "వచ్చిందా?" అని కిందికి కేకవేస్తాడు. వచ్చిందన్న జవాబు వినగానే బోల్టులు బిగించి దిగిపోతాడు. గొడుగును మోసే గొట్టం కాస్త ఒరిగి ఉన్నా నష్టం లేదు, ఆ వంకరను గొడుగు వంపులో సర్దేస్తాడు. ఆ గొడుగుకే మోటారు తగిలించి, ఉచితంగా దొరికే ఛానళ్లను ఉపగ్రహం తరువాత ఉపగ్రహం నుంచి ఏరుకుందామనుకున్న రోజున ఆ వంకర బయటపడుతుంది. దక్షిణాన చక్కగా వచ్చిన బొమ్మ, గొడుగు తూర్పుకు తిరిగేసరికి మాయమవుతుంది. అందరూ మోటారును తిడతారు. నేను చూసినంతలో తప్పు చాలావరకు గొట్టానిదే.

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, ఒకే వలయంలో భూమితో సమానంగా తిరుగుతుంటాయి. అక్కడి నుంచి ప్రపంచమంతటికీ ప్రసారాలు పంపవచ్చని 1945లో ఆర్థర్ సి. క్లార్క్ రాశాడు. అందుకే దానికి క్లార్క్ వలయం అనే పేరు కూడా ఉంది. అది కంటికి కనిపించేదే అయితే, హైదరాబాదు మేడ మీద నిలబడినవారికి తూర్పున నేల అంచు నుంచి లేచి, దక్షిణాన దాదాపు 70 డిగ్రీల ఎత్తుకు చేరి, పడమట దిగిపోయే పెద్ద విల్లులా ఉంటుంది. ఒక్కో ఉపగ్రహానికి దిక్కూ మారుతుంది, ఎత్తూ మారుతుంది. మోటారుకు వచ్చిన కదలిక మాత్రం ఒక్కటే.

ఈ చిక్కును టెలిస్కోపులు చేసేవాళ్లు ఏనాడో విప్పారు. తిరిగే ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా వాల్చితే చాలు. హైదరాబాదు అక్షాంశం 17.4 డిగ్రీలు కాబట్టి, మోటారు ఇరుసు నేల మట్టం నుంచి అంతే కోణంలో లేచి ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. నక్షత్రాలకైతే లెక్క ఇంతటితో ముగిసేది. ఉపగ్రహాలు అంత దూరాన లేవు. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం గనుక గొడుగు చూపును ఇంకో 3 డిగ్రీలు దక్షిణానికి వంచాలి. మూడే కదా అనుకోకూడదు. ఇళ్ల మీది చిన్న డిష్‌లు అందుకునే తరంగాల శ్రేణి అయిన కేయూ బ్యాండులో 90 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మొత్తం కలిపి సుమారు 2 డిగ్రీలే.

తిరిగే కోణంలోనూ ఇలాంటి మెలికే ఉంది. డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లు వచ్చే జీశాట్-15 చోటు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. హైదరాబాదుది 78.5. తేడా 15 డిగ్రీలు. మోటారు తిరగవలసింది మాత్రం 17.5 డిగ్రీలు. గానుగ నడుమ నిలబడి ఎద్దును చూస్తే మన తల దానితో సమంగా తిరుగుతుంది. ఎద్దు నడిచే దారివైపు రెండడుగులు జరిగి నిలబడితే, అది మన ముందునుంచి పోయేటప్పుడు తల ఇంకా వేగంగా తిప్పాలి. రేఖాంశాలు భూకేంద్రం నుంచి కొలిచినవి, మనం నిలబడింది ఆ కేంద్రానికి దాదాపు 6,400 కిలోమీటర్ల ఇవతల. మన ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఈ లెక్కంతా ఇప్పటి రిసీవర్లు తామే వేసుకుంటాయి. వేసిన లెక్కను 22 కిలోహెర్ట్జ్ సంకేతంగా మార్చి, బొమ్మను తెచ్చే తీగలోంచే మోటారుకు పంపుతాయి. మోటారుకు కరెంటు కూడా ఆ తీగలోంచే.

ఇక దక్షిణం. ఇనుప గొట్టం పక్కన దిక్సూచి మాట నమ్మలేం. హైదరాబాదువారికి ఒక అదృష్టం ఉంది. థాయ్‌లాండ్ వారి థాయ్‌కామ్ ఉపగ్రహాల చోటు కూడా 78.5 డిగ్రీలే, అంటే మనకు నేరుగా దక్షిణం. విశాఖపట్నం వారికి 83 డిగ్రీల జీశాట్-30 దాదాపు అలాగే పనికొస్తుంది. మోటారును సున్నా దగ్గర ఉంచి, దాన్ని మొత్తంగా గొట్టం చుట్టూ తిప్పుతూ ఆ ఉపగ్రహాన్ని పట్టుకోవాలి. అంతకన్నా ముందు దారానికి గుండు కట్టి వేలాడదీసి, మిట్టమధ్యాహ్నం దాని నీడ వెంట నేల మీద గీత గీస్తే ఉత్తర దక్షిణాలు తేలిపోతాయి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది కావడంతో హైదరాబాదులో అసలు మిట్టమధ్యాహ్నం పన్నెండుకు రాదు. నవంబరు మొదట్లో పన్నెండుకు దగ్గరగా వచ్చినా, ఫిబ్రవరి నడుమకు 12:30 అవుతుంది. మే 9, ఆగస్టు 3 తేదీల్లో ఈ పనికి మేడ ఎక్కకండి. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడే ఉండదు.

దక్షిణాన బొమ్మ రాగానే సంబరపడేవాళ్లు ఇక్కడే మోసపోతారు. మన ప్రాంతంలో ఆ ఉపగ్రహం 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది కనుక, మోటారు దిక్కు 3 డిగ్రీలు తప్పినా చూపు అక్కడ ఒక్క డిగ్రీయే పక్కకు పోతుంది. బొమ్మ ఎలాగోలా వచ్చేస్తుంది. తప్పు పట్టించేది విల్లు కొసలే. తూర్పున 105.5 డిగ్రీల ఆసియాశాట్‌కు గొడుగును తిప్పి, దాని అంచును చేత్తో మెల్లగా కిందికి నొక్కి, పైకి ఎత్తి, రిసీవర్‌లో నాణ్యత అంకెను చూడాలి. పక్కనున్న బలం అంకెను పట్టించుకోవద్దు, అది వట్టి రొదకు కూడా పెరుగుతుంది. తూర్పున నొక్కితే, పడమట ఎత్తితే అంకె పెరుగుతోందంటే మోటారు తూర్పుకు తిరిగి ఉందని అర్థం. గొట్టం మీద దాన్ని వెంట్రుకవాసి పడమరకు జరపాలి. రెండు కొసల్లోనూ ఒకే వైపు కదపవలసి వస్తే ఇరుసు వాలునో, ఆ 3 డిగ్రీల వంపునో మళ్లీ చూసుకోవాలి. ఒక కొస సరిచేస్తే రెండోది చెడుతూ ఎంతకీ కుదరకపోతే బోల్టులన్నీ వదిలేసి గొట్టం దగ్గరికి రండి. గొట్టం నిటారుగా ఉందో లేదో చూపే రసమట్టాన్ని ఒక పక్కే పెట్టి చూసి ఉంటారు. దక్షిణం వైపు ఒకసారి, తూర్పు వైపు ఒకసారి పెట్టాలి. పిట్టగోడకు బిగించిన గొట్టమైతే గోడ ఎటు ఒరిగితే అదీ అటే ఒరుగుతుంది.

అంతా కుదిరిందో లేదో సూర్యుడే వచ్చి చూపిస్తాడు. మార్చి రెండో వారం చివర, సెప్టెంబరు నెలాఖరున కొన్ని రోజులు హైదరాబాదు నుంచి చూస్తే సూర్యుడు ఈ ఉపగ్రహాల వెనుకగా వరుసగా దాటిపోతాడు. థాయ్‌కామ్ వెనుకకు మార్చిలో 12:25 ప్రాంతంలో, సెప్టెంబరులో 12:06 ప్రాంతంలో చేరతాడు. సూర్యుడి రేడియో రొదలో సంకేతం మునిగి కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. గొడుగు ముందు నిలిచి సంకేతాన్ని అందుకునే ముక్క, అంటే ఎల్.ఎన్.బి., నడిమధ్యన ఉండే గుండ్రటి సి బ్యాండు (ఇంకో తరంగాల శ్రేణి) గొడుగు ఉన్నవాళ్లు ఆ కాసేపు రిమోటు పక్కన పెట్టి మేడ ఎక్కాలి. ఆ ఎల్.ఎన్.బి. నీడ గొడుగు నట్టనడుమ పడి ఉంటుంది.