పొద్దున్నే మొరాయించిన జీపు

పాడేరు,
జనవరి 22.

చిట్టితల్లికీ, బుజ్జిబాబుకీ తాతయ్య ఆశీస్సులు.

కనుమ వెళ్లిన మర్నాడు మీరు విశాఖ బయల్దేరే పొద్దున జీపు ఎంతసేపు ఏడిపించిందో గుర్తుందిగా. చివరికి వీధిలోవాళ్లు నలుగురు చెయ్యేసి, కాఫీ గోదాము దగ్గరి వాలులోకి తోస్తే గాని అందుకోలేదు. ఎక్కుతూ ఎక్కుతూ చిట్టితల్లి ఒక మాట అడిగింది: "నిన్న మధ్యాహ్నం తాళం తిప్పగానే స్టార్ట్ అయిందిగా తాతయ్యా, రాత్రికి రాత్రి ఏం పాడైంది?" ఆ తొందరలో నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. చాలా మంచి ప్రశ్న తల్లీ. అందుకే కూర్చుని రాస్తున్నాను.

రాత్రికి రాత్రి ఏమీ పాడవలేదు. లోపం ఎప్పటినుంచో ఉంది. పగటి వేడి దాన్ని కప్పిపెడుతోంది, చలి బయటపెట్టింది.

బుజ్జీ, సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున పట్టుకుంటే చుర్రుమంటుంది కదా. గాలిని ఇరికించి నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్ బతికేదే ఆ వేడి మీద. పెట్రోలు బండిలోలాగా నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఇందులో ఉండదు. మన జీపు లాంటి పాత ఇంజన్‌లో, సిలిండర్ అనే గొట్టంలో పైకీ కిందికీ ఆడే పిస్టన్ గాలిని సుమారు 20వ వంతుకి నొక్కేస్తుంది. అప్పుడు ఆ గాలి 500 డిగ్రీలు దాటిపోతుంది. దానిలోకి డీజిల్‌ని సన్నటి తుంపరగా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన జర్మనీలో 1897లో ఇలాంటి ఇంజన్‌ని ఆడించి చూపించాడు. ఆయన పేరే ఆ నూనెకీ వచ్చింది.

ఇప్పుడు మన పాడేరు పొద్దు సంగతి చూడండి. రాత్రంతా మంచులో నానిన ఇనుము. పిస్టన్ గాలిని నొక్కి వేడి పుట్టిస్తుంటే, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము ఆ వేడిని పీల్చేసుకుంటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే మరీ నష్టం: వేడి జారిపోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి గాలి కూడా తప్పించుకుంటుంది. అందుకే వాలులోకి తోసినప్పుడు అందుకుంది. తాళం తిప్పినప్పుడు ఇంజన్‌ని కదిలించే సెల్ఫ్ మోటారు దాన్ని నిమిషానికి 200 చుట్లో, అటూ ఇటూగానో తిప్పుతుంది. వాలులో సెకండు గేరులో క్లచ్ వదిలితే చక్రాలు దాన్ని అంతకంటే జోరుగా తిప్పాయి.

ఇక జబ్బు ఎక్కడుందో పట్టడం. చెవితో మొదలవ్వాలి. తాళం తిప్పినప్పుడు ఇంజన్ "ఊఁ... ఊఁ..." అని ఈడ్చుకుంటూ తిరుగుతోందా, లేక చకచకా తిరుగుతూ కూడా అందుకోవడం లేదా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మొదటిది కరెంటుది: బ్యాటరీ, వైర్లు, సెల్ఫ్ మోటారు. చలికి చిక్కబడిన ఆయిలు కూడా దానికి తోడవుతుంది. రెండోది మంటది: గాలి వేడీ, డీజిలూ. ఇది తేల్చుకోకుండా సామాను కొనేవాడు చీకట్లో రాయి విసిరినట్టే.

ఆ పొద్దున పక్కింటి మావయ్యగారు "బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యండి" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కాని ఇంజన్ తిరిగిన చప్పుడు విన్నారా? గట్టిగా, సమంగా తిరిగింది. నేను మీటరు పెట్టి చూశాను: రాత్రి నిలిపి ఉంచిన బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 ఉండాలి, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే కిందికి దిగలేదు. 9.6 కంటే దిగితేనే అనుమానించాలి. అంటే బ్యాటరీ నిర్దోషి.

ఈ మాట మీకు గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. అనకాపల్లిలో షెడ్డు నడిపే రోజుల్లో ఒక మాస్టారు డీజిల్ అంబాసిడర్ తెచ్చారు, పొద్దున పూట ఈడ్చుకుంటూ తిరుగుతోందని. నేను టెస్టు చెయ్యకుండా బ్యాటరీ మార్పించాను. పది రోజులకి మళ్లీ అదే రోగం. అప్పుడు బ్యాటరీ మైనస్‌ని ఇంజన్‌కి కలిపే ఎర్త్ వైరు విప్పితే, ఇంజన్‌కి బిగించిన బోల్టు కింద తుప్పు. బ్యాటరీ మైనస్ మీద మీటరు తీగ ఒకటి, ఇంజన్ మీద ఇంకోటి పెట్టి, సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటరు చూసి ఉంటే నిమిషంలో తెలిసేది. అక్కడ అర వోల్టు కంటే ఎక్కువ కనబడకూడదు. ఉప్పు కాగితంతో రుద్ది బిగిస్తే పోయే జబ్బుకి ఆయన చేత నెల జీతంలో పెద్ద భాగం ఖర్చు పెట్టించాను. ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను గాని, ఆయన ఏమీ అనకుండా తీసుకున్న తీరు ఇప్పటికీ బాధపెడుతుంది.

సరే, మన జీపు బాగా తిరుగుతోంది, అందుకోవడం లేదు. ఇప్పుడు కళ్లతో చూడాలి, సైలెన్సర్ వైపు. బుజ్జీ, నువ్వు "ఆవిరి పొయ్యి" అని చప్పట్లు కొట్టావే, ఆ తెల్లటి పొగే నాకు దారి చూపింది. అది కాలకుండా బయటికొచ్చేసిన డీజిల్. ఘాటైన వాసన కూడా వచ్చింది. అంటే డీజిల్ లోపలికి చేరుతోంది, అంటుకోవడం లేదు. పొగే రాకపోయుంటే వేరే దారి పట్టేవాణ్ని: రాత్రి ఏదో పైపు అతుకులోంచి గాలి దూరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోయిందేమో అని చూసేవాణ్ని. అలాంటప్పుడు ఫిల్టరు మీది చేతి పంపు పది పదిహేనుసార్లు నొక్కి కొడితే వెంటనే అందుకుంటుంది.

ఇలాంటి చలి పొద్దుల కోసమే డీజిల్ ఇంజన్‌కి హీటర్ ప్లగ్గులు ఉంటాయి. ఒక్కో సిలిండర్‌కి ఒకటి. తాళం సగం తిప్పినప్పుడు వాటి మొనలు ఎర్రగా కాలి, 800 డిగ్రీలు దాటతాయి. డాష్‌బోర్డు మీద స్ప్రింగు బొమ్మ దీపం వెలిగి ఆరింది కాబట్టి అవి కాలాయని నమ్మకూడదు. చాలా బళ్లలో ఆ దీపం టైము లెక్క ప్రకారం ఆరుతుంది, ప్లగ్గులు చచ్చినా ఆరుతుంది. నాలుగు ప్లగ్గులనీ కలిపే పట్టీ విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్టు బల్బు తీగ ఒక్కో ప్లగ్గు నెత్తిన ఆనించాను. ఒకటీ మూడూ వెలిగించాయి. రెండూ నాలుగూ చప్పుడు లేదు. నాలుగు పొయ్యిల్లో రెండు వెలగకపోతే ఇల్లంతా తెల్ల పొగే కదా.

విప్పడానికి రెండు రోజులు పట్టింది. నూనె పోసి నానబెట్టి, ఇంజన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు కొంచెం కొంచెం తిప్పుతూ తీశాను. బలవంతం చేస్తే మొన లోపలే విరిగిపోతుంది, ఇంజన్ తల విప్పాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. చలి జబ్బుని చలిలోనే చూడాలి. చాలామంది పొద్దున కష్టపడి స్టార్ట్ చేసి, పదకొండు గంటలకి బండిని షెడ్డుకి తోలుకొస్తారు. అప్పటికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది, తాళం తిప్పగానే పలుకుతుంది. మెకానిక్‌కి ఏమీ కనబడదు. ముందురోజు సాయంత్రమే వదిలి రావాలి.

మీరు చూసినవాటిలో ఒకటి మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. ఘాట్ మీద ఒక లారీ కింద గుడ్డలు కాల్చి ట్యాంకు వెచ్చబెడుతున్నారు. అది ప్రాణాంతకం, పైగా ఇక్కడ అనవసరం. డీజిల్ గడ్డకట్టే చలి లడఖ్‌లో ఉంటుంది, అక్కడికి ఇండియన్ ఆయిల్ వాళ్లు 2019 నుంచి మైనస్ 33 డిగ్రీల దాకా జారే ప్రత్యేక డీజిల్ ఇస్తున్నారు. స్టార్టింగ్ స్ప్రే కొట్టడం కూడా తప్పే. కాలుతున్న హీటర్ ప్లగ్గుకి అది తగిలితే వేళకాని వేళ పేలి పిస్టన్ పగిలిపోతుంది.

రెండు కొత్త ప్లగ్గులూ నిన్న బిగించాను. ఈ పొద్దున ఆరింటికి, ఆకుల మీద మంచు ఇంకా కారుతుండగా, దీపం ఆరాక 5 లెక్కపెట్టి తాళం తిప్పాను. రెండు సెకన్లలో అందుకుంది. తెల్ల పొగ కొంచెం వచ్చి పోయింది, కాని మొదటి అరనిమిషం ఒక సిలిండర్ తడబడుతున్నట్టుంది. నాలుగోదనుకుంటున్నాను. సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిచే కంప్రెషన్ గేజీ తెప్పిస్తున్నాను. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాను, లేచి ఉండండి. ఆ చప్పుడు మీకు వినిపిస్తాను, ఏ సిలిండరో మీరే చెబుదురుగాని.

మీ
తాతయ్య