కార్ట్రిడ్జ్ మారుస్తున్నారా? ఈ అపోహలు వదిలేయండి

రికార్డ్ ప్లేయర్లు బాగుచేయడం నా పని. కార్ట్రిడ్జ్ అంటే ప్లేయర్లో ముల్లుని పట్టుకుని, దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం. "సార్, తక్కువ బడ్జెట్‌లో మంచి కార్ట్రిడ్జ్ చెప్పండి" అని తరచూ అడుగుతుంటారు. పేరు చెప్పే ముందు నేను అడిగేది ఒకటే: మీ ప్లేయర్ ఏది?

అపోహ: ఏ ప్లేయర్‌కైనా కొత్త కార్ట్రిడ్జ్ తగిలించొచ్చు.

సూట్‌కేస్ ప్లేయర్లలో సాధారణంగా ఉండేది సెరామిక్ అనే చవక రకం కార్ట్రిడ్జ్. ఆ టోన్ఆర్మ్‌కి (కార్ట్రిడ్జ్ని మోసే చేతికి) వెనక బరువు సర్దుకునే వీలుండదు. ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్‌లో కార్ట్రిడ్జ్ ఆర్మ్‌లోనే కలిసి వస్తుంది, ముల్లు ఒక్కటే మార్చగలం. ఇలాంటివి ఉన్నవాళ్లు ఆ డబ్బు వేరే ప్లేయర్ కోసం దాచుకోవడం మేలు.

అపోహ: అప్‌గ్రేడ్ అంటే మొత్తం కార్ట్రిడ్జ్ మార్చాలి.

ఎక్కువమంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మూవింగ్ మాగ్నెట్ (ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదిలే) రకంలో ముల్లు ఊడదీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఆడియో-టెక్నికా వీఎం95 సిరీస్ ముళ్లన్నీ ఒకే బాడీకి పడతాయి. ఈ రోజు ఎలిప్టికల్ (దీర్ఘవృత్తాకార కొన) ముల్లున్న వీఎం95ఈ కొనుక్కుని, అది అరిగాక ఇంకా సన్నటి కొన ఉన్న మైక్రోలీనియర్ ముల్లు పెట్టుకోవచ్చు. ఆర్టోఫాన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ ఉన్నవాళ్లు దాని పై రకమైన బ్లూ ముల్లు తెచ్చుకుంటే చాలు.

ముల్లు కొన ఆకారం మీద నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. 33⅓ వేగంతో తిరిగే ఎల్‌పీ అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు కదులుతుంది. లోపలి చివరికొచ్చేసరికి అది 20 దాకా పడిపోతుంది. అంటే అదే స్వరం సగానికంటే తక్కువ చోటులో ఇరుక్కోవాలి. మొద్దు కొన ఆ మెలికల్లో దూరలేదు. అందుకే ఒక వైపు చివరి పాటలో గాయని పలికే స, ష లు పగిలినట్టు వినిపిస్తాయి. సన్నటి అంచున్న మైక్రోలీనియర్ అక్కడ కూడా శుభ్రంగా నడుస్తుంది. పైగా ఎలిప్టికల్ ముల్లుకి సుమారు 300 గంటలు, మైక్రోలీనియర్‌కి 1000 గంటలు ఆయుష్షని ఆడియో-టెక్నికా చెబుతుంది. ధర ఎక్కువే, కానీ గంటల లెక్కన చూడండి.

అపోహ: ఎంసీ (మూవింగ్ కాయిల్, అంటే తీగచుట్ట కదిలే) రకమైతేనే అసలైన అప్‌గ్రేడ్.

ఆ రకంలో డెనాన్ డీఎల్-103 నాకూ ఇష్టమే. కానీ దాని అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్టులు, వీఎం95ఈ ది 4. మామూలు ఫోనో ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచే పరికరం) సరిపోదు, ఎంసీ గెయిన్, అంటే ఇంకా ఎక్కువ పెంచే శక్తి ఉన్నది కొనాలి. బరువైన ఆర్మ్ కూడా కావాలి. అరిగితే ముల్లు మనం మార్చుకోలేం. చిన్న బడ్జెట్‌లో దీని జోలికి పోవద్దనే నా సలహా.

అపోహ: ముల్లు రికార్డు మీద మోపే బరువు ఎంత తగ్గిస్తే రికార్డుకి అంత మంచిది.

నిజం దీనికి వ్యతిరేకం. వీఎం95ఈ కి 2 గ్రాములు పెట్టమంటారు, 1.8 నుంచి 2.2 వరకు పర్వాలేదు. 1.5 కి దించితే ముల్లు గాడి గోడల మీద ఎగిరెగిరి పడుతుంది. ఆ దెబ్బలు మళ్లీ పోవు. చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కోండి. ఆర్మ్ మీది అంకెల్ని గుడ్డిగా నమ్మకండి.

కార్ట్రిడ్జ్ బిగించేటప్పుడు ప్రొట్రాక్టర్ (దాని కోణం సరిచూసే గీతల కాగితం) తప్పనిసరి. మధ్య పిన్ను నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర కార్ట్రిడ్జ్ ఆ కాగితం మీది గీతలకు సమాంతరంగా నిలవాలి. ప్రింట్ తీసుకున్నవాళ్లు ముందు స్కేలుతో కొలవండి, ప్రింటర్ కొలత కుదించి ఉండొచ్చు. వైర్లలో తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. క్లిప్పుని ట్వీజర్‌తో పట్టుకోండి, వైరుని లాగొద్దు.

అపోహ: ఒకే ముల్లుతో తాతగారి రికార్డులన్నీ వాయించొచ్చు.

1960ల దాకా మన సినిమా పాటలు, నాటక పద్యాలు ఎక్కువగా 78 ఆర్‌పీఎం రికార్డుల మీదే వచ్చాయి. వాటి గాడి చాలా వెడల్పు, ఎల్‌పీ ముల్లు అడుగుకి దిగిపోయి అక్కడి దుమ్మునే వినిపిస్తుంది. వాటికి 3 మిల్‌ల ముల్లు కావాలి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). వీఎం95 బాడీ ఉంటే 78ల కోసం చేసిన ఎస్‌పీ ముల్లు తెచ్చుకోవచ్చు. దానికి బరువు 5 గ్రాములు. మళ్లీ ఎల్‌పీ పెట్టే ముందు ముల్లు మార్చి, బరువు 2 కి దించడం మాత్రం మరిచిపోకండి.