మఠం గోడలు ఎవరి బాధ్యత?

2021 మేలో బ్రహ్మంగారి మఠం పీఠాధిపతి చనిపోయాక వారసత్వం మీద మొదలైన గొడవ కడప జిల్లావాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది. పీఠం ఎవరికి దక్కాలి, తేల్చే అధికారం ఎవరిది, దేవాదాయ శాఖ ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు అన్నవాటి చుట్టూనే చర్చంతా తిరిగింది. చివరికి హైకోర్టు దాకా పోయింది. ఆ గొడవలో పెద్దగా వినపడని ప్రశ్న ఒకటుంది. మనుషులు ఉంటున్న పాత మఠాన్ని ఒక కట్టడంగా చూసుకోవాల్సింది ఎవరు? బ్రహ్మంగారి మఠం ఉన్న కందిమల్లాయపల్లెకే కాదు, పుష్పగిరికి, అహోబిలానికి, ఉరవకొండ గవిమఠానికి కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. దీనికి సూటిగా జవాబు దొరక్కపోవడానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

గుడిలో ఉండేది దేవుడు, మఠంలో ఉండేది మనుషులు. మఠమంటే గురువు సమాధి, పూజ గది మాత్రమే కాదు. వంటిల్లు, బావి, పశువుల పాక, శిష్యుల గదులు, తాళపత్రాల పెట్టెలు అన్నీ అందులో భాగమే. బ్రహ్మంగారి మఠంలో పీఠాధిపతులు గృహస్థులు కాబట్టి కుటుంబమూ అక్కడే. ఆ ఊళ్లోనే బ్రహ్మంగారి మనుమరాలు, పెళ్లి చేసుకోకుండా యోగినిగా బతికిన ఈశ్వరమ్మ పేరుతో ఇంకో మఠం ఉంది. వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో జీవసమాధి అయ్యారని సంప్రదాయం. అంటే మూడు వందల ఏళ్లకు పైగా అక్కడ పొయ్యి వెలుగుతూనే ఉంది.

పొయ్యి వెలుగుతుండటం కట్టడానికి మంచిదే. రాయలసీమ మట్టిమిద్దె సంగతి తెలిసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. దూలాలు, దంతెలు, పైన మట్టి, ఆ పైన చౌడు. వానలకు ముందు మిద్దె ఎక్కి చౌడు చల్లే మనిషి ఉన్నంతకాలం అది నిలుస్తుంది. ఇల్లు పాడుపెడితే కొన్ని వానాకాలాలకే కారడం మొదలై దూలం పుచ్చిపోతుంది. అయితే మనుషులు ఉండటంలో రెండో వైపూ ఉంది. ఉండేవాళ్లకు బాత్‌రూమ్ కావాలి, ఫ్యాన్లు కావాలి, వచ్చే భక్తులకు గదులు కావాలి. గానుగ సున్నం పెచ్చులూడిన చోట మేస్త్రి సిమెంటు పూస్తాడు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, కానీ గోడలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలి సున్నం వదులవుతుంది. డబ్బు లేని మఠం కారుతుంది, డబ్బున్న మఠం పాతది పడగొట్టి స్లాబు వేస్తుంది. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఇక చరిత్రలోకి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మన్రోకు దర్శనమిచ్చారన్న కథ తెలియనివాళ్లు అరుదు. ఆ కథలో మన్రో అక్కడికి వెళ్లింది భక్తితో కాదు, మఠం మాన్యం వెనక్కి తీసుకునే విషయం తేల్చడానికి. మఠాలతో కంపెనీ సర్కారుకు మొదటి నుంచీ ఉన్న లావాదేవీ భూమి గురించే.

1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. దేవాలయాలకు, మసీదులకు, విద్యాసంస్థలకు ఇచ్చిన మాన్యాల రాబడి సరిగా ఖర్చయ్యేలా రెవెన్యూ బోర్డు చూడాలని అందులో ఉంది. దానితో పాటు వంతెనలు, సత్రాలు, ప్రజోపయోగ కట్టడాల మరమ్మతు కూడా బోర్డు పనే. రాబడినీ రిపేరునూ ఒకే చేతిలో పెట్టిన చట్టం అది. అమలు ఎలా ఉన్నా ఆలోచన సరైనది. కానీ క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కాపలా కాయడమేమిటని మిషనరీలు ఇంగ్లండులో ఒత్తిడి పెంచారు. 1863 నాటి ఇరవయ్యో చట్టంతో సర్కారు ఈ బాధ్యత నుంచి తప్పుకుని గుళ్లను ధర్మకర్తలకు, కమిటీలకు అప్పగించింది. మఠాలు మఠాధిపతుల చేతుల్లోనే ఉన్నాయి. మరమ్మతు అన్న మాట అక్కడితో వెనకబడింది.

ఆ తర్వాత వచ్చినవన్నీ డబ్బు, అజమాయిషీ చుట్టూ తిరిగిన చట్టాలే. 1927 చట్టం కింద ఎండోమెంట్స్ బోర్డు, 1951లో దాని స్థానంలో కమిషనర్ కింద శాఖ. 1954లో ఉడుపి ప్రాంతపు శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: మఠాధిపతి జీతగాడైన మేనేజరు కాదు, మఠం ఆస్తిలో ఆయనకు సొంత ప్రయోజనం ఉంది, మత వ్యవహారాలు సంప్రదాయం వారివి, ఆస్తి నిర్వహణను మాత్రం చట్టం నియంత్రించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1966 చట్టం, జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ తర్వాత 1987 చట్టం వచ్చాయి. భక్తులు పీఠాధిపతికి సమర్పించే పాదకానుకలకు కూడా లెక్క రాయాలని 1987 చట్టం చెబుతుంది. పీఠాధిపతిని ఎలా గుర్తించాలో, ఎప్పుడు తొలగించవచ్చో కూడా అందులో ఉంది. కానీ పాత గోడకు సిమెంటు పూయాలా సున్నం పూయాలా అని అడిగే మనిషి ఆ ఏర్పాటులో కనపడడు.

ఆ మనిషి ఉండేది పురావస్తు శాఖలో. గండికోట, సిద్ధవటం కోటలు, నందలూరు సౌమ్యనాథాలయం, లేపాక్షి వాళ్ల రక్షణలో ఉన్నాయి. అయితే కోటలను ఏలినవాళ్లు ఎప్పుడో ఖాళీ చేశారు, గుళ్లలో రాత్రి తలుపులు మూస్తారు. 2010 సవరణ తర్వాత రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. మనుషులుండే మఠాన్ని ఆ జాబితాలో చేర్చుతామంటే లోపలివాళ్లూ ఊరివాళ్లూ భయపడతారు. రేపు బాత్‌రూమ్ కట్టుకోవాలన్నా ఢిల్లీ అనుమతి కోసం తిరగాలా అన్నది న్యాయమైన టెన్షనే.

ఈ రెండు శాఖల మధ్య మిగిలిపోయిన ఖాళీని ఇంకోచోట ఎలా పూడ్చారో చెప్పడానికి స్విట్జర్లాండ్‌లోని ముస్టైర్ మంచి ఉదాహరణ. ఇటలీ సరిహద్దు పక్కన కొండలోయలో ఉన్న సెయింట్ జాన్ మఠం అది. 775 ప్రాంతంలో కట్టారు. షార్లమేన్ చక్రవర్తి స్థాపించాడని అక్కడి ఐతిహ్యం. మొదట సన్యాసులది. 12వ శతాబ్దం నుంచి బెనెడిక్టైన్ సన్యాసినులది, ఇప్పటికీ కొద్దిమంది అక్కడే ఉంటున్నారు. చర్చి గోడల మీద సుమారు 800 నాటి చిత్రాలున్నాయి. తర్వాతి కాలాల రంగులు, సున్నం కింద కప్పబడిపోయిన వాటిని 1894లో ఇద్దరు పరిశోధకులు గుర్తించారు. 1908 ప్రాంతంలో కొన్నింటిని గోడ నుంచి ఒలిచి జ్యూరిచ్ మ్యూజియంకు తీసుకెళ్లారు. ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోని పని. మిగతావాటిని 1947-51 మధ్య బయటికి తీశారు.

అంత విలువైన ఇంటిని చేతివేళ్ల మీద లెక్కపెట్టగల సన్యాసినులు ఎలా కాపాడతారు? 1969లో ఒక ధర్మసంస్థ ఏర్పడింది. దాని పని ఒకటే: కట్టడాన్ని బాగుచేయడం, నిలబెట్టడం. విరాళాలు సేకరిస్తుంది, ప్రభుత్వ సాయం తెస్తుంది, పురావస్తు నిపుణులతో పని చేయిస్తుంది. ప్రార్థన, దీక్ష, ఎవరిని చేర్చుకోవాలన్నది సన్యాసినుల ఇష్టం. పదో శతాబ్దపు ప్లాంటా బురుజులో మ్యూజియం పెట్టారు. యాత్రికులు అక్కడికి వస్తారు, సన్యాసినుల ఏకాంతవాసంలోకి మాత్రం రారు. 1983లో యునెస్కో జాబితాలో చోటు దక్కింది. 1954లో మన సుప్రీంకోర్టు కాగితం మీద విడదీసిన రెండు సంగతులను అక్కడ రెండు సంస్థలుగా విడదీశారు.

మన దగ్గర దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1958 స్మారక కట్టడాల చట్టం ఆరో సెక్షన్ కింద రక్షిత కట్టడం యజమానితో ప్రభుత్వం సంరక్షణ ఒప్పందం చేసుకోవచ్చు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు చారిత్రక కట్టడాల పునరుద్ధరణకు వాడవచ్చని కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు చెబుతోంది. ఉమ్మడి కడప, కర్నూలు జిల్లాల్లో సిమెంటు కంపెనీలకు కొదవ లేదు. సున్నం పనికి సిమెంటు కంపెనీల డబ్బు అనుకుంటే నవ్వొస్తుంది కానీ, అడిగితే తప్పేం లేదు. చిక్కల్లా అప్పగింతలోనే. మఠం స్థిరాస్తిని దీర్ఘకాలం ఒక ట్రస్టు చేతిలో పెట్టాలంటే దేవాదాయ శాఖ ఒప్పుకోవాలి, పీఠాధిపతి సంతకం కావాలి. తన ఇంట్లో ఇంకొకరి పెత్తనం మొదలవుతుందని ఏ పీఠాధిపతైనా అనుమానిస్తాడు.

అందుకే ఆస్తి జోలికి పోని పని ముందు చేయాలి. ముస్టైర్‌లో మరమ్మతుకు తోడుగా తవ్వకాలు, గోడల పరిశీలన దశాబ్దాలుగా సాగుతున్నాయి. ఏ గోడ ఏ కాలానిదో తెలుసుకుంటూ పని చేస్తున్నారు. మన మఠాల్లోనూ గది గదికీ కొలతలు, ఫొటోలు, ఏ దూలం ఏ స్థితిలో ఉందన్న రికార్డు కావాలి. 2020లో కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు పని అవుతుంది. దీనికి ట్రస్టు అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. మఠంవాళ్లు లోపలికి రానిస్తే చాలు.