జతలు తీసేస్తే మిగిలేది

అనంతపురం

పాపా, చిన్నోడా,

మీ అక్క పుస్తకంలో 'క్యుములెంట్ విస్తరణ' అని చూసి, "ఇదేంది జేజినాయనా?" అని ఫోన్లో అడిగారు కదా. ఆ పూట కళ్లంలో చెనిక్కాయలు ఆరబోసి ఉన్నాయి, పైన మబ్బు కమ్ముకొస్తోంది. ఆ టెన్షన్‌లో ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు తీరిగ్గా చెప్తా.

ఒక రూపాయి బిళ్ల ఎగరెయ్యండి. బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0 అని రాసుకోండి. సగటు 1/2. సగటుకు ఎంత దూరంలో పడిందో చూసి, ఆ దూరాన్ని వర్గం చేసి, మళ్లీ సగటు తీస్తే 1/4. దీన్ని విస్తృతి అంటారు. రెండు బిళ్లలు వేసి కూడితే సగటు 1, విస్తృతి 1/2. ఇంతవరకూ చక్కగా రెట్టింపయ్యాయి. ఇప్పుడు వర్గం బదులు నాలుగో ఘాతం తియ్యండి. ఒక బిళ్లకు 1/16. రెండింటికి 1/8 రావాలి కదా? 1/2 వస్తుంది! మొదటిసారి చేసినప్పుడు నాదే తప్పనుకుని మూడుసార్లు కొట్టేసి రాశాను.

తప్పేమీ లేదు. నలుగురిని ఇద్దరిద్దరుగా విడదీయాలంటే మూడే దారులు. ఒకే దూరాన్ని నాలుగుసార్లు వేసి గుణించే నాలుగో ఘాతంలో ఆ మూడు రకాల జతల లెక్కా దాక్కుని ఉంటుంది. అందుకే విస్తృతి వర్గానికి మూడు రెట్లు అందులోంచి తీసెయ్యాలి. ఒక బిళ్లకు 1/16 లోంచి 3/16 పోతే మైనస్ 1/8. రెండింటికి 1/2 లోంచి 3/4 పోతే మైనస్ 1/4. చూశారా, సరిగ్గా రెట్టింపు! జతలతో చెప్పగలిగిందంతా పోగా మిగిలిన ఇదే నాలుగో క్యుములెంట్. మొదటిది సగటు, రెండోది విస్తృతి. డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టోర్వాల్ టీలె 1889లోనే వీటి గురించి రాశాడు, వేరే పేరుతో.

బిళ్లలు ఒకదాని మాట ఒకటి వినవు కాబట్టి కూడిక కుదిరింది. మన చేనూ పక్క చేనూ అట్లా కాదు. తడిపే మబ్బు ఒకటే, మాడ్చే ఎండ ఒకటే. రెండు చేల దిగుబడి కలిపితే విస్తృతి కూడా కూడికకు లొంగదు. వచ్చిన ఆ తేడానే వాటి చుట్టరికానికి కొలత. వాయువులో దగ్గర దగ్గరగా తిరిగే అణువుల చుట్టరికాన్నీ ఇట్లాగే కొలుస్తారు. 1962లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త ర్యోగో కుబో ఈ పద్ధతిని క్వాంటం లెక్కలకూ పనికొచ్చేట్టు విస్తరించాడు.

ఒక లెక్కను మొదటి క్యుములెంట్, రెండోది, మూడోది అని వరసగా కలుపుకుంటూ రాయడమే మీరడిగిన క్యుములెంట్ విస్తరణ. రసాయన శాస్త్రంలో స్వేచ్ఛాశక్తి (పనికి మార్చుకోగల శక్తి) లెక్కలకు తరచుగా మొదటి రెండు క్యుములెంట్లే వాడతారు: శక్తి తేడాల సగటు, అందులోంచి విస్తృతిని బట్టి కొంత కోత. మరి మూడోదీ కలుపుకుని అక్కడ ఆపేస్తే? లెక్కకు పనికి రావచ్చు గానీ, అచ్చంగా మూడింటితో ఆగి, ఆ తర్వాతవన్నీ సున్నా అయ్యే సంభావ్యతా విభాజనం (ఏ విలువ ఎంత తరచుగా పడుతుందో చెప్పే పట్టిక) అసలు లేదు. ఆగితే రెండో దాని దగ్గరో అంతకు ముందో ఆగాలి, లేదంటే ఎప్పటికీ ఆగకూడదు. పోలండ్ గణితజ్ఞుడు మార్చింకేవిచ్ 1939లో దీన్ని నిరూపించాడు. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

మూడు బిళ్లలతో మీరే చేసి చూడండి. నాలుగో క్యుములెంట్ మైనస్ 3/8 రావాలి. రాకపోతే ఫోన్ చెయ్యండి. జేజి ఎత్తితే నాకిమ్మనండి.

మీ జేజినాయన