2026 గడువులోనే ఉంది చిక్కంతా

లోక్‌సభ నియోజకవర్గాల పునర్విభజన మీద వాదన మళ్లీ రాజుకుంది. ఎమర్జెన్సీలో వచ్చిన 42వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాల సీట్ల వాటాను 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేసిన సంగతి తెలిసిందే. ఇప్పటి చిక్కుముడి మాత్రం అప్పుడు పడింది కాదు, పాతికేళ్ల తర్వాత పడింది.

2000లో ప్రకటించిన జాతీయ జనాభా విధానంలో మూడు తేదీలున్నాయి. సంతానోత్పత్తి రేటు 2010కల్లా భర్తీ స్థాయికి, అంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలకు దిగాలి. జనాభా 2045కల్లా నిలకడకు రావాలి. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకుండా సీట్ల స్తంభన, అంటే రాష్ట్రాల వాటా మార్చకపోవడం, 2026 వరకు కొనసాగాలి. ఈ మూడో తేదీనే 84వ సవరణ రాజ్యాంగంలోకి ఎక్కించింది: 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వరకు పాత వాటాలే.

మొదటి రెండు తేదీల మధ్య 35 ఏళ్ల ఎడం ఊరికే పెట్టింది కాదు. రేటు 2.1కి దిగిన రోజే జనాభా ఆగిపోదు. అంతకుముందు ఎక్కువ సంఖ్యలో పుట్టిన ఆడపిల్లలు తల్లుల వయసుకు వస్తారు, ఒక్కొక్కరు ఇద్దరినే కన్నా జననాలు మరణాలను మించుతూనే ఉంటాయి. జనాభా శాస్త్రంలో దీన్ని ఊపు అంటారు. ఆ సంగతి తెలిసీ గడువును 2026కే ముగించారు. పైగా 1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రేటు 2.25, ఉత్తరప్రదేశ్‌ది 3.99. ఇంత తేడాతో బయలుదేరినవాళ్లు పాతికేళ్లలో ఒకచోట కలవడం సాధ్యం కాదు. 2019-21 సర్వేలోనూ ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8 దగ్గరుంటే బిహార్ 3.0 దగ్గరుంది.

సీట్లు పోతాయన్న దక్షిణాది భయానికి పాత అనుభవం ఉంది. 1961 లెక్కలతో జరిగిన పునర్విభజన వల్ల 1967 ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్ సీట్లు 43 నుంచి 41కి, మద్రాసు రాష్ట్రంవి 41 నుంచి 39కి తగ్గాయి. 2011 జనాభా ప్రకారం 543 సీట్లనే మళ్లీ పంచితే ఒక్కో సీటుకు సుమారు 22.3 లక్షల మంది. ఆ లెక్కన రెండు తెలుగు రాష్ట్రాల 42 సీట్లు 38కి, తమిళనాడు 39 సీట్లు 32కి, కేరళ 20 సీట్లు 15కి పడిపోతాయి. ఉత్తరప్రదేశ్ 80 నుంచి 90 దాకా పెరుగుతుంది. మొత్తం సీట్లు పెంచి ఎవరికీ తగ్గకుండా చూసినా, జనాభా ప్రకారమే పంచితే సభలో వాటా ఇంతే మేరకు కుంగుతుంది.

ఓటు విలువ సమానంగా ఉండాలన్నది ఉత్తరాది వాదన. రాజస్థాన్ ఎంపీ సగటున 27 లక్షల మందికి, కేరళ ఎంపీ 17 లక్షల లోపు మందికి ప్రతినిధి.

ఈ లెక్కలోకి వలస కూడా వస్తుంది. సీట్ల పంపిణీకి ఆధారం ఓటర్ల సంఖ్య కాదు, జనాభా. జనగణన మనిషిని ఉంటున్న చోటే లెక్కిస్తుంది. హైదరాబాద్‌లో స్థిరంగా ఉంటున్న బిహార్ కూలీకి ఓటు సొంతూళ్లోనే ఉన్నా జనాభా లెక్కలో అతను తెలంగాణవాడే. పుట్టుకల్లో ఇంత తేడా ఉన్నచోట వలస ఆ లోటును కొంతే పూడుస్తుంది.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో నోటిఫై చేశారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఆ మార్పుతో జననాలు పెరిగినా, 2027 లెక్కకు చేరేది రెండేళ్ల లోపు పిల్లలే.